ఒక కొత్త తిన్న పిల్లకు ఎన్ని నెలలు?

కొత్తగా అంగన్‌వాడీ సూపర్‌వైజర్లుగా చేరిన అమ్మాయిలు మా ఇంటికి వస్తే అదే ఉద్యోగం చేసి మానేసిన నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, ఈ ఉద్యోగంలో కష్టమైన పని ఏది?" కొండలెక్కడం అంటానని, జలగలంటానని, పై అధికారులంటానని ఎదురుచూస్తారు. కొండలు అలవాటైపోతాయి. జలగ ఉప్పు వేస్తే వదులుతుంది. అధికారి బదిలీ అయితే వదులుతాడు. కష్టమైన పని పిల్ల వయసు కనుక్కోవడం.

ఆ మాట వినగానే వాళ్ళ మొహాల్లో ఉత్సాహం పోతుంది. పెద్దావిడకు మతి తప్పిందనుకుంటారు. ఫోనులో పుట్టిన తేదీ నొక్కితే మిగతాదంతా అదే చెబుతుంది కదా అని మర్యాదగా అంటారు. ఆ తేదీ ఎవరు చెప్పారని నేనడుగుతాను. అంగన్‌వాడీ టీచరు చెప్పింది. టీచరుకెవరు చెప్పారు? అక్కడికి టీ చల్లారిపోతుంది. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నవ్వేవాళ్ళు

ఈమధ్య విశాఖపట్నంలో ఒక పెళ్ళి రిసెప్షన్‌కు వెళ్ళాను. మా చెల్లెలి కోడలు పిల్లాణ్ణి ఎత్తుకుని భోజనానికి కూర్చుంది. ఎదురుగా వాళ్ళ పెద్ద బంధువు ఒకాయన, బాగా చదువుకున్న మనిషి, "బాబుకి ఎన్నేళ్ళమ్మా?" అన్నాడు.

"పంతొమ్మిది నెలలు అంకుల్."

"పంతొమ్మిది నెలలా! ఏడాదిన్నర అంటే నోరు నొప్పెడుతుందా? అలా అయితే నాకు ఏడు వందల ఇరవై నెలలు. రాసుకో!"

బల్లంతా నవ్వింది. ఆ అమ్మాయి తలదించుకుని పిల్లాడి మూతి తుడిచింది. ఆ తరువాత అయిదు నిమిషాలు కాకముందే ఆ పెద్దమనిషి తన ఫోను తీసి, కొని పద్నాలుగు నెలలైందని, వారంటీ రెండు నెలల కిందటే పోయిందని, కంపెనీలన్నీ దొంగలని పక్కాయనకు చెప్పాడు. ఫోనుకు నెలలు కావాలి. పిల్లాడికి అక్కర్లేదు. ఈ రకం జనం ముహూర్తానికి నిమిషాలు చూస్తారు, పుట్టిన ఘడియ అరచేతిలో రాసుకుని సిద్ధాంతి దగ్గరకు పరుగెడతారు. పిల్ల తిండి దగ్గరకు వచ్చేసరికి "రెండేళ్ళుంటాయేమో" అంటారు.

నేను ఊరుకోలేదు. "మీరు నెలల్లో చెప్పక్కర్లేదండీ. పోయిన నెలకూ ఈ నెలకూ మీలో కొత్తగా వచ్చిందేమీ లేదు" అన్నాను. ఈసారి నవ్విందెవరో రాయను.

నెల అంటే ఎంత

నేను పెద్దగా చదువుకోలేదు. మా నాన్న చింతపల్లిలో మిషన్ బడి మాస్టారు. అయినా నాకు బడిలో లెక్కలు రాలేదు. లెక్కలు నేర్పింది వేలాడే కాటా. అది నేర్పిన మొదటి పాఠం ఇది.

పన్నెండు నెలల పిల్లకు ఒక నెల అంటే తను బతికిన బతుకులో పన్నెండో వంతు. అరవై ఏళ్ళ మనిషికి పన్నెండో వంతు అంటే అయిదేళ్ళు. అంటే పిల్ల వయసు ఒక నెల అటూ ఇటూ రాయడం ఆ పెళ్ళిలోని పెద్దమనిషి వయసు అయిదేళ్ళు అటూ ఇటూ రాయడంతో సమానం. ఆయన పింఛను కాగితాల్లో ఎవరైనా అలా రాస్తే ఊరుకుంటాడా? జిల్లా కలెక్టరు దాకా పోతాడు.

పన్నెండు నెలల పిల్ల గోడ పట్టుకుని నిలబడుతుంది. పద్దెనిమిదికి పరుగెడుతుంది. ఇరవై నాలుగుకు మన మాటలు మనకే తిరిగి అప్పజెబుతుంది. ఈ మూడింటినీ కలిపి "ఏడాది, రెండేళ్ళు" అని రెండు గంపల్లో పడేస్తే ఏ గంపలో ఎవరున్నారో తెలియదు. టీకా నెలల్లో వేస్తారు. తిండి నెలల్లో మారుస్తారు. ఎదుగుదల పటం కింది గీత మీద ఉన్నవి నెలలే. తల్లి నెలల్లో చెబుతున్నదంటే మురిపెంతో చెబుతున్నదని అనుకోవద్దు. డాక్టరు దగ్గర, టీకాల దగ్గర, బట్టల కొట్లో అందరూ ఆమెను నెలలే అడిగారు. అడిగిన భాషలో జవాబు చెబుతోంది.

అలాగని పట్నం తల్లులందరినీ వెనకేసుకురాను. "మా పాప యాభై మూడు నెలలు" అన్న తల్లిని కూడా చూశాను. యాభై మూడో నెలకూ యాభై నాలుగో నెలకూ కాటా దగ్గర కనిపించే తేడా ఏమీ ఉండదు. అది లెక్క కాదు, అలంకారం. నా కొలత ఇది: నెల మారితే తిండిగానీ మందుగానీ మారేంతవరకే నెలలు. రెండేళ్ళు నిండేదాకా కచ్చితంగా నెలలే. మూడేళ్ళ దాకా నెలలు చెప్పినా తప్పులేదు. ఆపైన మూడున్నర, నాలుగు అని అరేళ్ళ లెక్క చాలు. అయిదు దాటాక కూడా నెలలు చెప్పేవాళ్ళకు చేసుకోవడానికి వేరే పని లేదన్నమాట.

నిండడం, నడవడం

మన భాషలో వయసుకు రెండు మాటలున్నాయి. రెండేళ్ళు నిండాయి అంటే ఇరవై నాలుగు నెలలు పూర్తయ్యాయని. రెండో ఏడు నడుస్తోంది అంటే పన్నెండు దాటి ఇరవై నాలుగు లోపు ఎక్కడో ఉందని. ఇంత శుభ్రమైన తేడాను తల్లులు తప్పకుండా పాటిస్తారు. రాసుకునేవాళ్ళు పాటించరు. ఆమె "రెండో ఏడు" అంటుంది, ఈవిడ "రెండు" అని నొక్కుతుంది. పదమూడు నెలల పిల్ల ఒక్క వేలి దెబ్బకు ఇరవై నాలుగు నెలలదై, బొద్దుగా ఉన్నది కాస్తా ఫోనులో బక్కచిక్కిపోతుంది. మన్యంలో నేను చూసిన తప్పుల్లో సగానికి పైగా ఈ ఒక్క మాట దగ్గరే పుట్టాయి. చెప్పినవాళ్ళు సరిగ్గానే చెప్పారు. విన్నవాళ్ళకు చెవులు లేవు.

ఇది ఎక్కువ రాసిన తప్పు. తక్కువ రాసిన తప్పు ఇంతకంటే చెడ్డది. ఎక్కువ రాస్తే బాగున్న పిల్లకు ఒక గుడ్డు అదనంగా వెళుతుంది. ఎవరి కొంపా మునగదు. తక్కువ రాస్తే ఎండిపోతున్న పిల్ల బాగున్నట్టు కనిపిస్తుంది. ఎవరూ ఆమె వైపు చూడరు.

పచ్చ సార్

నాకు ఒక పై అధికారి ఉండేవాడు. ఎదుగుదల పటంలో ఆకుపచ్చ, పసుపు, నారింజ అని మూడు పట్టీలుంటాయి. బాగున్న పిల్ల ఆకుపచ్చలో ఉంటుంది, బాగా తగ్గిపోయిన పిల్ల నారింజలో ఉంటుంది. ఆయనకు తన కింద ఉన్న పిల్లలందరూ ఆకుపచ్చలో ఉండాలని కోరిక. మంచి కోరికే. అందుకు తిండి పెట్టించాలి. అది తిరుగుడుతో కూడిన పని. ఆయన ఇంకో దారి కనిపెట్టాడు.

"వయసు సరిగ్గా తెలియకపోతే తక్కువవైపు వేయండమ్మా. ఆడవాళ్ళ వయసు తగ్గిస్తే ఎవరైనా కాదంటారా?" అని మీటింగులో తనే చెప్పి తనే నవ్వేవాడు.

మా టీచర్లు ఆయనకు పచ్చ సార్ అని పేరు పెట్టారు. గుడ్డు పెట్టకుండా, పాలు పోయకుండా పిల్లల్ని బాగుచేసే విద్య ప్రపంచంలో ఆయన ఒక్కడికే వచ్చు. బరువును పెంచడం కష్టం, వయసును తగ్గించడం తేలిక. రెండింటికీ పటం మీద ఒకటే రంగు వస్తుంది.

ఒక కొత్త తింది

హుకుంపేట పైన, జీపు ఆగేచోటు నుంచి కాలినడకన వెళ్ళే ఊరొకటి నా కింద ఉండేది. అక్కడి టీచరు రాజేశ్వరి, నర్సీపట్నం వైపు నుంచి పెళ్ళయి వచ్చిన మనిషి. పని దొంగ కాదు. పిల్లలకు జడలు కూడా తనే వేసేది. కాకపోతే పచ్చ సార్ మాటను బైబిలు మాటలా నమ్మేది.

కార్తీకంలో ఒకరోజు బరువులు తూచే సమయానికి వెళ్ళాను. వలిసె చేలు పసుపుగా విరగబూసి ఉన్నాయి. తోటల్లో కాఫీ పళ్ళు ఏరడం అప్పుడే మొదలైంది. జమున అనే ఆమె తన కూతుర్ని తెచ్చింది. పిల్ల పేరు సుక్రి. ఆ ఊళ్ళో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం ఇంకా ఉంది. శుక్రవారం పుట్టింది కాబట్టి సుక్రి. ఏ వారమో ఊరందరికీ తెలుసు, ఏ ఏడాదో ఎవరికీ పట్టదు.

పిల్లను కాటా సంచిలో కూర్చోబెట్టారు. ఏడు కిలోల ఆరు వందల గ్రాములు.

"ఏడాది పిల్ల మేడం. ఆకుపచ్చే" అంది రాజేశ్వరి, ఫోను నాకు చూపిస్తూ.

సుక్రి సంచిలోంచి దిగింది. వాకిట్లో తన గుడ్డు పెంకులను పొడుస్తున్న కోడి మీదకు వెళ్ళింది. "కోడీ, పో! నాది, పో!" అని కసిరింది. కసిరి, కింద పడిన గిన్నె తీసుకెళ్ళి వాళ్ళ నానమ్మ చేతిలో పెట్టింది.

నేను రాజేశ్వరి వంక చూశాను. "ఏడాది పిల్ల కోడితో దెబ్బలాడుతుందా?"

"తెలివైనది మేడం" అంది.

తెలివైనదే. కానీ తెలివి ఎంత ఉన్నా పన్నెండు నెలల నోట్లో రెండు మాటలు జతపడవు. తల్లిని అడిగాను. "జమునా, పిల్లకు ఎన్ని నెలలు?"

"నెలలు నాకేటి తెలుస్తాది మేడం. ఒక కొత్త తింది."

కొత్త అంటే కొర్ర కొత్త. భాద్రపదంలో కొత్త కొర్రలు దేవుడికి పెట్టి, ఆ తరువాతే ఇంట్లోవాళ్ళు తినే పండుగ. ఏడాదికి ఒక్కటే వస్తుంది.

"అదే కదా మేడం, ఒక కొత్త అంటే ఏడాది" అంది రాజేశ్వరి.

"అలా ఎలా అవుతుంది? పండుగకు వారం ముందు పుట్టిన పిల్లా ఒక పండుగ చూస్తుంది, పండుగ అయిన మర్నాడు పుట్టి ఏడాది తరువాత చూసిన పిల్లా ఒక పండుగే చూస్తుంది. ఒక పండుగ చూసిన పిల్లకు ఈ రోజుకు రెండు నెలలే ఉండొచ్చు. పద్నాలుగూ ఉండొచ్చు."

అరుగు మీద కూర్చున్న జమున అత్త గురుబారికి నా లెక్క నచ్చలేదు. "ఆవుదూడకి నెలలడగరు గాని, మా గుంటకే అడుగుతారేటి?" అంది, చుట్ట నోట్లో ఉండగానే. వాళ్ళ మాటలో గుంట అంటే ఆడపిల్ల.

"దూడకు మీరేం చూస్తారమ్మా?"

"పళ్ళు సూత్తాం. ఇంకేటి సూత్తాం?"

"అయితే దీనివీ చూద్దాం."

పాలపళ్ళు లెక్కబెట్టి దానికి ఆరు కలిపితే సుమారు నెలలు వస్తాయి. బక్కపిల్లలకు పళ్ళు ఆలస్యమవుతాయి కాబట్టి వచ్చిన లెక్క కంటే ఎక్కువే ఉంటుంది కానీ తక్కువ ఉండదు. సుక్రి నోట్లో వేలు పెట్టాను. గట్టిగా కొరికింది. గురుబారి అరుగు మీద పడీ పడీ నవ్వింది. "మంచి పని సేసినావే గుంటా! ఇంకోసారి కొరుకు!"

పదహారు. ఆరు కలిపితే ఇరవై రెండు.

"ఇది పుట్టినప్పుడు మీరు ఏ పనిలో ఉన్నారు?" అని ముసలామెను అడిగాను.

"కాపీ పళ్ళు ఏరతన్నాం. మా కోడలికి తోటలోనే నొప్పులొచ్చినాయి. బేగి ఇంటికి తెచ్చీసినాం."

"పోయినేడు కాఫీయా?"

"పోయినేడు ఈపున కట్టుకుని ఏరింది. దాని ముందటేడు."

కాఫీ ఏరుడు ముమ్మరమయ్యేది మార్గశిరంలో. అంటే ఆ నెలకు రెండేళ్ళు నిండుతాయి. ఇరవై మూడు నెలలు. పళ్ళు, కాఫీ ఒకే చోట కలిశాయి. కొత్త ఒక్కటే కలవలేదు. "మరి రెండు కొత్తలు రావాలి కదమ్మా? ఒకటే అంటున్నారు?"

గురుబారి చుట్ట నోట్లోంచి తీసింది. ఇంత తెలివితక్కువ ప్రశ్న ఆమె జన్మలో విననట్టు నన్ను చూసింది. "మొదటి కొత్తకి అది పాలు తాగతంది. పాలు తాగే గుంటకి కొత్త ఎవులు పెడతారు? తినని కొత్త ఎలాగ లెక్కెడతాం?"

అదీ సంగతి. వాళ్ళు చూసిన పండుగలు లెక్కపెట్టరు, తిన్న పండుగలు లెక్కపెడతారు. వాళ్ళ లెక్కలో తప్పు లేదు. తిన్నది ఒకటే, ఒకటే అన్నారు. దాన్ని ఏడాది అని తర్జుమా చేసింది మేము. ఆ ఒక్క జవాబు నాకు వయసుతో పాటు బరువు ఎందుకు పెరగలేదో కూడా చెప్పింది. కొత్త తినేదాకా ఆ పిల్లకు తల్లిపాలు, అంబలి మీది తేట తప్ప ఏమీ పెట్టలేదు. ఆరో నెల నుంచి పెట్టాల్సిన తిండి ఇరవై ఒక్క నెలలకు మొదలైంది. రాజేశ్వరి అడిగి ఉంటే నెలనెలా తెలిసేది. అడిగింది, జవాబులో తన అంకె వినపడగానే ఆపేసింది.

ఏడు కిలోల ఆరు వందలు పన్నెండు నెలల ఆడపిల్లకు ఆకుపచ్చ. ఇరవై మూడు నెలల పిల్లకు నారింజ.

కిందకు

చేతి చుట్టుకొలత చూసే రంగుల పట్టీ ఒకటుంటుంది. దానికి వయసుతో పని లేదు. కానీ పటంలో ఆకుపచ్చలో ఉన్న పిల్లకు పట్టీ చుట్టే ఓపిక ఎవరికీ ఉండదు. రాజేశ్వరి పట్టీ కొత్త మడతలు కూడా విప్పకుండా డబ్బాలో ఉంది. తెప్పించి సుక్రి చేతికి చుట్టాను. ఎరుపు.

పెద్దాసుపత్రిలో ఇలాంటి పిల్లల కోసం ఒక వార్డు ఉంది. తల్లితో పాటు అక్కడే ఉంచుకుని తిండీ మందూ ఇస్తారు. ఆ రోజే దించాలని చెప్పాను. గురుబారి లేచి నిలబడింది.

"పోయిన నెల బాగుందన్నారు. ఈ నెల బాగోలేదంటన్నారు. మా గుంట మారిందా, మీ మాట మారిందా?"

జవాబు చెప్పడానికి రాజేశ్వరి ముందుకొచ్చింది. "నేనే తప్పు విన్నానత్తా. ఒక కొత్త అంటే ఏడాది అనుకున్నాను" అంది. అప్పటికే ఏడుస్తోంది.

"ఇనడం నీకు రాదు. ఎండిపోయింది మా గుంట" అంది గురుబారి. ఏడుపు చూసి కరిగిపోయే రకం కాదు. "కాపీ ఏరే రోజుల్లో కోడల్ని పంపిత్తే తోటెవులు సూత్తారు? మీ సారొచ్చి ఏరతాడా?"

నేను పచ్చ సార్‌కు ఫోను చేశాను. అనుమతి కోసం కాదు, జీపు కోసం. ఆయన విషయం విన్నాడు.

"ఆకుపచ్చలో ఉన్న పిల్లను ఎందుకు కదుపుతారమ్మా?"

"వయసు తప్పు సార్. ఇరవై మూడు నెలలు."

"ఆధారం ఏమిటి?"

"పదహారు పళ్ళు, రెండు కాఫీ కాపులు, ఒక తినని పండుగ."

"ఆన్‌లైన్‌లో తినని పండుగ అని ఎక్కించమంటారా?" ఆయన పక్కనున్నవాళ్ళు నవ్వడం నాకు వినిపించింది. "మీరు పైకెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక ఊరికి జబ్బు చేస్తుంది. మీరు వెళ్ళనప్పుడు అందరూ బాగానే ఉంటారు."

ఆయన చమత్కారం అనుకుని అన్నాడు. నిజమే అన్నాడు. చూడనంతకాలం అందరూ బాగానే ఉంటారు.

సుక్రి తల్లి కొంగు పట్టుకుని కోడిని చూపిస్తోంది. నేను ఫోను పెట్టేశాక జమున అడిగింది. "మేడం, ఈ బరువు ఏడాది గుంటకైతే సాలతాదా?"

"సరిపోతుందమ్మా."

"ఇరవై మూడు నెలలకైతే సాలదా?"

"చాలదు."

ఆమె వంగి పిల్లను ఎత్తుకుంది. "అయితే నా గుంట ఏడాదికాడే ఆగిపోనాది" అంది.

ఎదుగుదల పటం గురించి నేను ఎన్నో శిక్షణలు తీసుకున్నాను, కొన్ని ఇచ్చాను కూడా. ఇంత తిన్నగా చెప్పినవాళ్ళను చూడలేదు. అత్త వైపు కూడా చూడకుండా జమున పిల్లను వీపున కట్టుకుంది. "తోట నువ్వు సూసుకో అత్తా. మా పెద్ద కొడుకుని టీచరమ్మ సూత్తాది" అంది. రాజేశ్వరి తలూపింది. గురుబారి మమ్మల్ని జీపు దాకా తిట్టుకుంటూ వచ్చి, జీపు కదిలే ముందు తన దుప్పటి తీసి కోడలి ఒళ్ళోకి విసిరింది. అది సంతకు పోయే జీపు. పచ్చ సార్ జీపు రాలేదు.

దారిలో ఆరోగ్య కేంద్రం దగ్గర ఆపి చూపించాం. అక్కడి డాక్టరమ్మ వయసులో మా అబ్బాయి కంటే చిన్నది. పిల్ల పాదాలు నొక్కి చూసింది, పక్కటెముకలు చూసింది, నన్ను చూసింది. "ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టారండీ ఈ పిల్లను?" అంది.

"ఆకుపచ్చలో పెట్టామమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. చీటీ రాసింది, తనే ఆసుపత్రికి ఫోను చేసింది.

ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని వార్డు డాక్టరు తరువాత చెప్పాడు. ఒంట్లో వేడి పడిపోతూ ఉందట. ఆ చలిలో మా కొండ మీద ఇంకో రాత్రి గడిచి ఉంటే ఏమయ్యేదో జమునకు నేను ఇప్పటిదాకా చెప్పలేదు. సుక్రి బతికింది. మూడు వారాలకు ఇంటికి వచ్చింది. వస్తూనే కోడిని వెతికిందట.

ఆ నెలంతా నేను ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళి, చూసిన కొత్తలెన్ని, తిన్న కొత్తలెన్ని అని విడివిడిగా అడిగాను. ఇంకో నలుగురు పిల్లలు ఆకుపచ్చ నుంచి పసుపులోకి వెళ్ళారు. వాళ్ళలో ఎవరూ ఒక్క గ్రాము తగ్గలేదు. వాళ్ళకున్న నెలలు వాళ్ళకు తిరిగొచ్చాయి, అంతే. పచ్చ సార్ నాకు సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చాడు. జవాబుగా నలుగురి పళ్ళ లెక్క పంపాను. ఆయన దాని మీద ఏమీ రాయలేదు. ఆ తరువాత ఆయన ఇంకా పెద్ద కుర్చీలోకి వెళ్ళాడు. అక్కడ ఎంతమంది పిల్లల వయసు తగ్గించాడో నాకు తెలియదు.

ఎలా అడగాలి

ఫోనును నమ్మవద్దు. అది అబద్ధం చెప్పదు, చెప్పినదాన్ని నమ్ముతుంది. అది మంచి గుణం కాదు. పుట్టిన తేదీ కాగితం ఉంటే చూడండి. చూసి పిల్లనూ చూడండి. ఒక ఊళ్ళో పిల్లలందరూ ఒకటో తేదీనే పుట్టారంటే ఆ ఊళ్ళో అద్భుతం జరగలేదు, మన టీచరుకు తీరిక దొరకలేదు.

ఎన్నేళ్ళని అడగవద్దు. పుట్టినప్పుడు చేలో ఏముందని అడగండి. వలిసె పూసిందా, పసుపు తవ్వుతున్నారా, చింతపండు కొడుతున్నారా, నాట్లు వేస్తున్నారా? ఆ పని ఆ తరువాత ఎన్నిసార్లు వచ్చిందో అడగండి. తల్లిని అడగండి, నానమ్మను విడిగా అడగండి. ఇద్దరూ ఒకే మాట చెబితే రాయండి. వేర్వేరుగా చెబితే పోట్లాడుకోనివ్వండి. ఆ పోట్లాటలో నెల బయటపడుతుంది. నాకు ఎక్కువ నెలలు అలాగే దొరికాయి.

వాళ్ళు చెప్పిన మాట వాళ్ళకు ఏమిటో కనుక్కోకుండా మీ అంకెలోకి మార్చవద్దు. నెలలు చెప్పే తల్లి ఎదురైతే ఆమెకు కుర్చీ వేయండి. మీ పని సగం ఆమె చేసిపెట్టింది.

ఇలా చెబితే కొందరు అమ్మాయిలు "ఒక్కో పిల్లకు ఇంతసేపైతే టార్గెట్ ఎప్పుడు పూర్తవుతుంది మేడం?" అంటారు. పూర్తవదు. పచ్చ సార్‌కు ప్రతి నెలా పూర్తయ్యేది.

వరస

ఉద్యోగం మానేశాక మొన్న ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. బడి ప్రార్థనకు పిల్లలు వరసకట్టే వేళ. జమున బడి గుమ్మం దగ్గర ఎదురైంది. గురుబారి పోయి ఏడాదైందని చెప్పింది. సుక్రి ఇప్పుడు రెండో తరగతి. చురుకైన పిల్ల అని, ఎక్కాలు గడగడా చెబుతుందని అంది. నాకు సంతోషం వేసింది. తరువాత వరస చూశాను.

పిల్లలను పొడుగును బట్టి, పొట్టివాళ్ళు ముందుండేలా నిలబెడతారు. సుక్రి అందరికంటే ముందు, ఒకటో తరగతి పిల్లల కంటే కూడా ముందు నిలబడింది. జబ్బు తగ్గుతుంది, బరువు వస్తుంది. ఆ రెండేళ్ళలో పోయిన పొడుగు మాత్రం చాలామందికి తిరిగిరాదు. దీన్ని నేను శిక్షణలో చాలాసార్లు చెప్పాను. చెప్పడం వేరు.

కొత్త మాస్టారు కుర్రవాడు. జమునతో సరదాగా అన్నాడు. "ఏమమ్మా, పిల్లను మరీ తొందరగా బడిలో వేసినట్టున్నారు. ఆరు కూడా ఉండవు కదా దీనికి? వయసేమైనా ఎక్కువ రాయించారా?"

జమున నవ్వలేదు. "ఏడు నిండి ఎనిమిదోది నడుస్తంది మాస్టారూ. మార్గశిరానికి ఎనిమిది నిండతాయి" అంది.

"ఇదా!" అన్నాడాయన.

అంతలో సుక్రి తన చోటు వదిలి వరస వెనక్కు నడిచింది. అందరికంటే పొడుగున్న ఇద్దరు పిల్లల మధ్య దూరి, చేతులు కట్టుకుని నిలబడింది. దాని తల వాళ్ళ భుజాల కిందకే వచ్చింది.

"ఏయ్ గుంటా, నీ చోటు ముందు కదా?" అన్నాడు మాస్టారు.

"ఈళ్ళూ నానూ ఒక్క కాపీకే పుట్టినాం సార్" అంది సుక్రి. "ముందు నిలబడినోళ్ళందరూ నాకన్నా సిన్నోళ్ళు."

పిల్లలు నవ్వారు. మాస్టారు కూడా నవ్వుతూ వెళ్ళి, దాని రెక్క పట్టుకుని, మళ్ళీ ముందుకు తెచ్చి నిలబెట్టాడు.